చలిజ్వరము - కొడవలి రక్తము

మానవపరిణామ మనఁగానే మన మనస్సునకు లక్షల యేండ్లనాఁటి గుహలును, రాతిపనిముట్లును తోఁచును. ఆ పరిణామ మెన్నఁడో ముగిసినదనియు, నేఁటి గృహిణికి దానితో నిమిత్తము లేదనియుఁ జాలమంది తలఁతురు. కాని మనుష్యుఁడు సేద్యము నేర్చి, ఊళ్లు కట్టుకొని స్థిరపడిన తరువాతఁ గడచిన కొలఁది వేల యేండ్లలోఁ గూడ మన శరీరము మాఱుచునే వచ్చినది. అట్టి మార్పులలో నొకటి నేఁటికిని మన ఖానాపూరు సీమలో బిడ్డల యారోగ్యమును, తల్లుల మనశ్శాంతిని బాధించుచున్నది. దానినిగూర్చి మా సోదరీమణులకు నాలుగు మాటలు విన్నవింపఁ గోరుచున్నాము.

ఖానాపూరు నేఁడు నిర్మల్ జిల్లాలోనిది. 2016వ సంవత్సరమునకుఁ బూర్వము ఆదిలాబాదు జిల్లాలో నుండెను. చేరువనే గోదావరి, కడెం వాగు. ఉట్నూరు వైపున గుట్టలు, అడవులు. గోండులు, కొలాములు, నాయకపోడులు, ప్రధానులు, తోటీలు తరతరములుగా నీ సీమను నమ్ముకొని బ్రదుకుచున్నారు. అడవియు, వాగును, వానయుఁ గలిసినచోట దోమయు నుండును. దోమతోఁ జలిజ్వరము వచ్చును. దీనినే మలేరియా యందురు. దోమ కడుపులో నీ జ్వరమునకుఁ గారణమైన సూక్ష్మజీవిని రోనాల్డ్ రాస్ అను వైద్యుఁడు మొదట చూచినది మన సికింద్రాబాదులోనే. అది 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీ.

ఆ సూక్ష్మజీవి మన రక్తములోని యెఱ్ఱకణములలోఁ జొచ్చి పెరుగును. అది యెందఱో పసిబిడ్డలను బలిగొనెను. అట్టి కాలమున నెవరి రక్తములో దానికి సులభముగాఁ జోటు దొరకదో వారు బ్రదికి, బిడ్డలను గనిరి. ఎఱ్ఱకణములలోని హీమోగ్లోబిన్ అను పదార్థమున 146 అంశములుగల గొలుసొకటి కలదు. అందు 6వ యంశ మొక్కటి మాఱినచో, ప్రాణవాయువు తగ్గినప్పుడు కణము గుండ్రదనము విడిచి కొడవలివలె వంగును. తల్లిదండ్రులలో నొక్కరినుండి మాత్రమే యీ మార్పు పొందినవారు సాధారణముగా నారోగ్యవంతులే. పైఁగా, ప్రాణాంతకమైన చలిజ్వరమునుండి వారికిఁ జాలవఱకు రక్షణ కలదు. ఈ రక్షణను 1954లో ఆలిసన్ అను శాస్త్రజ్ఞుఁడు ఆఫ్రికాఖండమునఁ బరిశీలించి వెల్లడించెను. మన దేశమున నీ కొడవలి రక్తమును 1952లో నీలగిరి గిరిజనులలోఁ గనుఁగొనిరి. తరువాత ఆదిలాబాదు గిరిజనులలోను నున్నట్లు తెలియవచ్చినది.

అయితే యిద్దఱు తల్లిదండ్రులనుండియు నా మార్పు సంక్రమించిన బిడ్డకుఁ గలుగునది రక్షణ గాదు, రోగము. సాధారణముగా 120 దినములు జీవింపవలసిన యెఱ్ఱకణము 10, 20 దినములకే నశించును. వంగిన కణములు సన్నని నాళములలోఁ జిక్కుకొని రక్తమును నిలిపివేయును. అందుచే బిడ్డ పాలిపోవును. ఆఱునెలలు దాఁటినపిదపఁ గాళ్లు, చేతులు వాచును. ఎముకలు విఱిగినట్లు నొచ్చును. ఆ బిడ్డకుఁ జలిజ్వరమే వచ్చినచో మఱింత యపాయము.

ఇది యిట్లు వ్యాపించుటలో మన చేతిపనియు లేకపోలేదు. అడవి నఱికి పొలము చేసి, నీరు నిలువఁజేసి, జనులు గుంపులుగా నివసించినచోట దోమకు నీరును నెత్తురును గూడ దొరకెను. మనుష్యుఁడు నేలను మార్చెను; ఆ నేల దోమను బెంచెను; దోమ మనుష్యుని రక్తమును మార్చెను. చలిజ్వరము తగ్గినచోట నీ మార్పువలని మేలు పోయినది, కీడుమాత్రము నిలిచియున్నది. పూర్వులు బ్రదుకుటకై చెల్లించిన వెలను మనుమలు నేఁటికిని దీర్చుచున్నారు.

సోదరీమణులారా! ఇందు గమనింపవలసిన దొకటి కలదు. బిడ్డ మాటిమాటికి జబ్బుపడినచోఁ గొన్ని యిండ్లలోఁ దల్లినే నిందింతురు; ఆమె యడుగు మంచిది గాదందురు. ఈ రోగము తండ్రి రక్తము లేక తల్లి రక్తముమాత్రముచే రాదు. ఇరువురును వాహకులైనచోఁ బ్రతి కానుపునందును నాలుగింట నొక పాలు రోగమునకు, రెండు పాళ్లు వాహకత్వమునకు, నొక పాలు రెండును లేకుండుటకు నవకాశము. గోండులలో నేడు, ఆఱు, ఐదు, నాలుగు దేవతల సగలని విభాగములు కలవు. ఒకే సగవారు తమలోఁ దాము పెండ్లాడరు. ఆ కట్టుబాటు తండ్రి వంశమును జూచును. రక్తములోని యీ మార్పు తల్లివైపునుండియు వచ్చును గావున, సగ వేఱైనంతమాత్రమున వధూవరులిద్దఱును వాహకులు గాకపోరు. మేనఱికమున నీ యవకాశము మఱింత హెచ్చును.

కావునఁ బెండ్లికి ముందు జాతకములతోపాటు రక్తమునుగూడఁ జూపించుట యుచితము. వాహకులైనవారి కది దోషము గాదు. పెండ్లి మానుమనియు మేము చెప్పము. ఇద్దఱును వాహకులని తెలిసినచో గర్భము ధరించిన తొలినెలలలోనే వైద్యునితో నాలోచింపవచ్చును. భారతప్రభుత్వము 2023 జూలై 1వ తేదీన మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో నీ వ్యాధి నిర్మూలనోద్యమమును బ్రారంభించి, 2047వ సంవత్సరమును గడువుగాఁ బెట్టుకొనెను. 40 యేండ్లలోపు వయస్సుగల 7 కోట్ల మందికిఁ బరీక్ష చేయ సంకల్పించెను.

రోగముగల బిడ్డకు నీరు సమృద్ధిగా నీయవలెను, చలిలోఁ దిరుగనీయరాదు, జ్వరము సోఁకినచో నాఁడే వైద్యునికిఁ జూపవలెను. పాలిపోయినాఁడని యినుము కలిసిన మందు మనంతట మనము పోయరాదు; రక్తపరీక్ష చేసి వైద్యుఁడు చెప్పిననే పోయవలెను. హైడ్రాక్సీయూరియా యను మందు నొప్పులను జాలమందికిఁ దగ్గించుచున్నది. దానిని వైద్యుని యాజ్ఞపైననే వాడవలెను. ఇంటిచుట్టును నీరు నిలువనీయకుండుట, దోమతెరలో బిడ్డను నిద్రపుచ్చుట యన్ని యిండ్లకును విధియే.

మన రక్తము మన పూర్వులు చలిజ్వరముతోఁ జేసిన పోరాటమునకు గుఱుతు. అందు సిగ్గుపడవలసినదేమియు లేదు. దానిని దెలిసికొన్న తల్లి తన్నుఁ దాను నిందించుకొనదు. బిడ్డకుఁ గావలసిన సాయమును సకాలమునఁ జేయఁగలదు.