12.4 కార్బన్ నానోట్యూబుల ఉపరితల సంస్కరణ

కార్బన్ నానోట్యూబులను లోహ ఆక్సైడ్‌తో కలిపి కాంపోజిట్ తయారుచేసే ముందు వాటి ఉపరితలాన్ని ఎందుకు మార్చాలి? ఎంతవరకు మార్చాలి? టైటానియం డయాక్సైడ్ ఉదాహరణగా ఈ భాగంలో పరిశీలిద్దాం.

12.4.1 అవసరం

టైటానియం డయాక్సైడ్ అతినీలలోహిత కాంతిని శోషించుకున్నప్పుడు ఎలక్ట్రాన్–రంధ్ర జంటలు ఏర్పడతాయి. అవి వెంటనే తిరిగి కలిసిపోతే కాంతి ఉత్ప్రేరక చర్య తగ్గుతుంది. విద్యుద్వాహకమైన నానోట్యూబు ఎలక్ట్రాన్‌లను స్వీకరించి ఈ పునఃకలయికను తగ్గించగలదు. అయితే ఆక్సైడ్, ట్యూబు రెండూ దగ్గరగా అంటుకొని ఉన్నప్పుడే ఇది సాధ్యం.

చిక్కు ఇక్కడే ఉంది. ట్యూబు గోడలోని కార్బన్ పరమాణువులు ఎస్‌పీ2 సంకరీకరణంలో ఉంటాయి. ఆ గోడ రసాయనికంగా దాదాపు జడమైనది. నీటిలో సులభంగా తడవదు. పైగా వాండర్‌వాల్స్ బలాల వల్ల ట్యూబులు కట్టలుగా చేరతాయి. అందువల్ల ఆక్సైడ్ గోడపై పొరగా ఏర్పడక విడిగా ముద్దకడుతుంది.

12.4.2 ఆమ్లంతో సంస్కరణ

గాఢ సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాలను 3:1 ఘనపరిమాణ నిష్పత్తిలో కలిపిన మిశ్రమంలో ట్యూబులను వేడిచేస్తారు. ట్యూబుల చివరల్లోను, గోడలోని లోపాల వద్దను కార్బన్ ఆక్సీకరణం చెంది కార్బాక్సిల్, హైడ్రాక్సిల్ సమూహాలు ఏర్పడతాయి. తరవాత తటస్థమయ్యేవరకు స్వేదనజలంతో కడిగి ఆరబెడతారు.

నీటిలో కార్బాక్సిల్ సమూహాలు అయనీకరణం చెందడంతో ట్యూబులకు రుణావేశం వస్తుంది. అవి ఒకదానినొకటి వికర్షించుకొని విడివిడిగా నిలుస్తాయి. ట్యూబులను ఆల్కహాల్‌లో ఉంచి టైటానియం ఐసోప్రొపాక్సైడ్ కలిపి, నెమ్మదిగా జలవిశ్లేషణ జరిపితే ఈ సమూహాల వద్ద ఆక్సైడ్ నాటుకుంటుంది. సుమారు 400 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేస్తే అనటేస్ స్ఫటికాలు ఏర్పడతాయి. గాలిలో ఉష్ణోగ్రత మరీ పెంచితే ట్యూబులే కాలిపోతాయి.

12.4.3 పరిమితి

ప్రతి కొత్త సమూహం గోడలోని పై-ఎలక్ట్రాన్ వ్యవస్థను కొంత తెంచుతుంది. ఆమ్ల చర్య అతిగా సాగితే ట్యూబులు తెగి పొట్టివవుతాయి, వాహకత తగ్గుతుంది. అంటే, ఏ ధర్మం కోసం ట్యూబును చేర్చామో దాన్నే కోల్పోతాం. రామన్ వర్ణపటంలో 1350 సెం.మీ.⁻¹ దగ్గరి డి పట్టీ తీవ్రత, 1580 సెం.మీ.⁻¹ దగ్గరి జి పట్టీతో పోలిస్తే పెరగడం ఈ నష్టానికి సూచన.

బెంజైల్ ఆల్కహాల్ వాడకం మరో మార్గం. దాని బెంజీన్ వలయం గోడపై అధిశోషణం చెందుతుంది. బయటికి ఉన్న హైడ్రాక్సిల్ సమూహం ఆక్సైడ్‌ను ఆకర్షిస్తుంది. గోడలోని బంధాలు తెగవు. కానీ ఈ పట్టు సమయోజనీయ బంధమంత బలమైనది కాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. శుద్ధమైన నానోట్యూబుపై ఆక్సైడ్ పొర ఎందుకు సరిగా ఏర్పడదు?
2. రెండు నమూనాలలో ఒకదానిని 2 గంటలు, రెండోదానిని 12 గంటలు ఆమ్లంలో వేడిచేశారు. దేని డి, జి పట్టీల తీవ్రతల నిష్పత్తి ఎక్కువ ఉండవచ్చు? కారణం తెలపండి.