సిపాయి యొకడు, ఆజ్ఞాపకు లిద్దరు

పెక్కు దేశములకు నిత్యము ఆయుధములు ధరించి యుండు సైన్యము కొంత యుండును. పెద్ద యుద్ధము వచ్చినపుడు అది చాలదు. అంతటి సైన్యమును శాంతికాలమున గూడ పోషింపవలెనన్న బొక్కసము చాలదు. కావున గుమాస్తాలు, రైతులు, ఉపాధ్యాయులు మున్నగువారు తమ వృత్తులను మానకయే సెలవు దినములలో కవాతు నేర్చి, అవసరము కలిగినపుడు సైన్యమున చేరునట్లు ఏర్పాటు చేయుదురు. దీనినే రిజర్వు సైన్యమందురు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో భూసైన్యమునకు ఇట్టి రిజర్వులు రెండు కలవు. మొదటిది నేషనల్ గార్డు. 1636లో మసాచుసెట్సు వలసలో ఏర్పడిన పౌరదళములు దీనికి మూలము. వరదలు వచ్చినను, అల్లరులు చెలరేగినను రాష్ట్ర గవర్నరు దీనిని పిలిపించును. యుద్ధము వచ్చెనేని దేశాధ్యక్షుడు దీనిని తన వశము చేసికొనును. అందుచే గార్డు సైనికుడు రాష్ట్రమునకును, దేశమునకును గూడ విధేయుడనని ప్రమాణము చేయును. రెండవది ఆర్మీ రిజర్వు. 1908లో వైద్యుల దళముగా పుట్టిన యీ సేన కేవలము కేంద్రమునకు లోబడినది. మన దేశమున 1949లో ప్రారంభమైన టెరిటోరియల్ ఆర్మీ పూర్తిగా కేంద్రమునదే కావున మనకీ చిక్కు లేదు.

ఒకే పనికి రెండు సేనలేల యను ప్రశ్న అచ్చట పలుమారులు తలయెత్తినది. 1948లో గోర్డన్ గ్రే అధ్యక్షత వహించిన సంఘము రెండింటిని గలిపి కేంద్రము క్రింద నుంచుమని సూచించెను. గార్డు పక్షమువారు గట్టిగా ఎదిరించిరి. పౌరదళములకు అధికారులను నియమించు హక్కును ఆ దేశపు రాజ్యాంగమే రాష్ట్రములకిచ్చినది. చేతిలోని సేనను రాష్ట్రములేల వదలుకొనును? ఆ సూచన మూలబడెను.

1964 డిసెంబరులో రక్షణశాఖ కార్యదర్శి రాబర్టు మెక్‌నమారా దానినే తలక్రిందులు చేసి మరల తెచ్చెను. (ఆ దేశమున మంత్రులను కార్యదర్శులనియే పిలుతురు.) ఈ మారు ఆర్మీ రిజర్వు దళములు గార్డులో కలియవలెను. ఆయన పూర్వము ఫోర్డు మోటారు కంపెనీకి అధ్యక్షుడు, లెక్కలలో దిట్ట. రెండు సేనలలోను గలిపి సుమారు 7,00,000 మంది కలరు. పెక్కు దళములకు మనుష్యులును చాలరు, సామగ్రియు చాలదు. అంతకంటె 5,50,000 మందితో నిండైన సేన యొక్కటి మేలని ఆయన వాదము.

ఈ వాదమున బలము లేకపోలేదు. కాని సేనకు లెక్క యొక్కటియే ప్రధానము కాదు. దాని పగ్గము లెవరి చేతనున్నవను ప్రశ్నయు కలదు. 1957 సెప్టెంబరులో ఆర్కన్సా రాష్ట్రమందలి లిటిల్ రాక్ నగరమున తొమ్మండుగురు నల్లజాతి విద్యార్థులు, అంతవరకు తెల్లవారికే పరిమితమైన ఉన్నత పాఠశాలకు వచ్చిరి. న్యాయస్థానము వారి ప్రవేశమును సమ్మతించి యుండెను. అయినను గవర్నరు ఫాబస్ గార్డు సైనికులను నిలిపి, చదువుకొన వచ్చిన పిల్లల నడ్డగింపజేసెను. మూడు వారములకు అధ్యక్షుడు ఐసెన్‌హోవరు సైన్యమును పంపి, ఆ రాష్ట్రపు గార్డును తన యధీనము చేసికొనెను. పిల్లలను ద్వారమున నాపిన గార్డే పిదప వారికి కావలి నిలువవలసి వచ్చెను! తుపాకులు అవియే, ఆజ్ఞ మారినది.

మెక్‌నమారా ప్రణాళికకు రిజర్వు అధికారుల సంఘము అడ్డు తగిలెను. కాంగ్రెసు సభ్యులును ఒప్పుకొనలేదు. 1965 చివర ఆయన ఆర్మీ రిజర్వులోని ఆరు పోరాట డివిజనులను రద్దుచేసెనే గాని సేనను రూపుమాపజాలకపోయెను. 1967 డిసెంబరులో వచ్చిన చట్టము ఆర్మీ రిజర్వు వేరుగనే యుండవలెనని స్థిరపరచెను. తరువాత గార్డు డివిజనులును 23 నుండి 8కి తగ్గినవి. క్రమముగా పోరాట దళములు గార్డునకును, ఆసుపత్రులు, రవాణా మున్నగు సహాయక దళములు ఆర్మీ రిజర్వునకును వచ్చినవి.

నేటికిని రెండు సేనలును ఉన్నవి. వరద వచ్చినచో గవర్నరు మొదట పిలుచునది గార్డునే. 2011 డిసెంబరు చివర ఆమోదము పొందిన చట్టమువలన, గవర్నరు కోరినచో కేంద్రము ఆర్మీ రిజర్వును గూడ 120 దినములవరకు సహాయమునకు పంపవచ్చును.