దీపం మీది చిహ్నం ఎవరిది?

మమ్లూకుల కాలపు మస్జిదు దీపం చిత్రాన్ని తరగతిలో చూపినప్పుడల్లా మా విద్యార్థుల దృష్టి ఒక గుర్తుపై నిలుస్తుంది. గాజుపై రంగులతో తీర్చిన అక్షరాల నడుమ, ఒక వలయంలో పానపాత్ర బొమ్మ ఉంటుంది. “మస్జిదు దీపం మీద పానపాత్ర ఎందుకు, ఉస్తాద్?” అని వారు అడుగుతారు. దానికి సమాధానం వెదకడమంటే, ఆ దీపాన్ని చేయించిన వ్యక్తిని వెదకడమే.

క్రీ.శ. 1250 నుండి 1517 వరకు ఈజిప్టును, షామ్ ప్రాంతాన్ని ఏలిన మమ్లూకులలో అత్యధికులు చిన్ననాటనే బానిసలుగా కొనబడి, యుద్ధశిక్షణ పొంది, అమీర్లుగా ఎదిగినవారు. తాతముత్తాతల పేరు చెప్పుకొనే అవకాశం వారికి లేదు. ఐరోపా ప్రభువుల చిహ్నం వంశాన్ని తెలుపగా, ఈ అమీర్ల చిహ్నం తరచుగా వారు చేసిన కొలువును తెలిపేది. దానిని ‘రన్క్’ అనేవారు. రంగు అని అర్థమిచ్చే ఫార్సీ పదం ‘రంగ్’ నుండి వచ్చిన మాట అది. పానపాత్ర సుల్తానుకు పానీయమందించే సాకీ గుర్తు. కలందాను లేఖనాధికారియైన దవాదారుది. ఖడ్గం ఆయుధాలను మోసే సిలాహ్‌దారుది. పోలో కర్రలు జూకందారువి.

అయితే సాకీలు అనేకులు. పాత్రను చూచినంత మాత్రాన యజమాని దొరకడు. అందుచేత పరిశోధకులు మొదట చిహ్నపు రంగులను, వలయంలోని అడ్డపట్టీలను పరిశీలిస్తారు. తరువాత చుట్టూ ఉన్న శాసనాన్ని చదువుతారు. అమీరు పేరు చివర ‘అన్-నాసిరీ’ అని ఉంటే, అతడు ‘అల్-మలిక్ అన్-నాసిర్’ బిరుదు గల సుల్తానుకు చెందినవాడని అర్థం. ఇక్కడా తొందరపాటు తగదు. ముహమ్మద్ బిన్ ఖలావూన్, ఆయన కుమారుడు హసన్, తరువాతి కాలపు ఫరజ్ ముగ్గురూ ఆ బిరుదు ధరించినవారే. కనుక కట్టడాల రాళ్లపై పేరుతో సహా చెక్కిన చిహ్నాలతో పోల్చి చూడవలసి ఉంటుంది. ఎల్. ఎ. మేయర్ అనే పండితుడు ఇటువంటి చిహ్నాలను సమీకరించి 1933లో గ్రంథంగా వెలువరించాడు.

పదిహేనవ శతాబ్దంలో చిక్కు మరింత పెరిగింది. పాత్ర, కలందాను మొదలైన గుర్తులన్నీ ఒకే వలయంలో చేరాయి. ఒకే సుల్తాను వద్ద పెరిగిన అమీర్లు పలువురు ఒకే చిహ్నాన్ని వాడారు. పేరు చెరిగిపోయిన వస్తువుపై అటువంటి చిహ్నముంటే, అది ఏ సుల్తాను పరివారానిదో చెప్పవచ్చునే గాని, వ్యక్తిని నిర్ణయించుట న్యాయం కాదు.

న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న ఒక దీపం ఇందుకు చక్కని ఉదాహరణ. దానిపై పాత్ర చిహ్నమూ, అమీర్ ఖూసూన్ పేరూ ఉన్నాయి. ఆయన సుల్తాన్ అన్-నాసిర్ ముహమ్మద్ వద్ద సాకీ. చిహ్నమూ శాసనమూ ఒకే మాట చెప్పుతున్నందున యజమాని విషయంలో సందేహం లేదు. కాని ఖూసూన్ కైరోలో మస్జిదునూ, ఖాన్‌ఖాహ్‌తో కూడిన సమాధి మందిరాన్నీ నిర్మించాడు. దీపం వాటిలో దేనిదన్నది నేటికీ ఊహే.

వక్ఫ్ ధర్మం తెలిసిన పాఠకులు ఇక్కడ ఒక క్షణం ఆగాలి. వక్ఫ్ చేసిన వస్తువు దాత సొత్తుగా మిగలదు. కనుక మస్జిదుకు సమర్పించిన దీపం విషయంలో “ఎవరిది?” అన్న ప్రశ్న చేయించినవాని పేరుతో ముగియదు, “ఏ మస్జిదుది?” అన్నంత వరకు సాగుతుంది. పేరు తెలిస్తేనే అతని కట్టడాలు తెలుస్తాయి, అప్పుడే దీపపు స్థానాన్ని అడుగగలం. పొరపాటున మరొకరి పేరు తగిలిస్తే, ఒకరి దానం ఇంకొకరి ఖాతాలో చేరుతుంది.

ఖూసూన్ 1342లో చెరసాలలో హతుడయ్యాడు. అధికారం పోయింది, కొలువు పోయింది. గాజుపై పాత్ర బొమ్మ నిలిచింది. మన ఇళ్లలోనూ పెద్దల నాటి పాత్రలపై పేర్లు, గుర్తులు ఉంటాయి. వాటిని తోమించి అరగదీసే ముందు, అవి ఎవరివో, ఎవరికోసం ఇచ్చినవో పెద్దలనడిగి వ్రాసి ఉంచండి. అదీ ఒక అమానతే.