కూర్చుని లేస్తే ఒక లెక్క.. వంగి ఎత్తితే మరో లెక్క

స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ బరువుల మధ్య తేడా లోపం కాదు
శరీర నిర్మాణాన్ని బట్టే బలం
అంకెలు సమానం చేయాలన్న తాపత్రయంతోనే ముప్పు

ఏడాదిగా వ్యాయామశాలకు వెళ్తున్న ఓ యువకుడు భుజాలపై 100 కిలోల బరువుతో కూర్చుని లేవగలడు. నేల మీదున్న 130 కిలోల బరువును చేతులతో పట్టుకుని నిటారుగా నిలబడగలడు. పక్కనే సాధన చేసే అతని స్నేహితుడికి ఈ అంకెలు తారుమారుగా ఉంటాయి. ఇద్దరిలో ఎవరు బలవంతులు? ఎవరి సాధనలో లోపముంది? జిమ్‌లలో తరచూ వినిపించే ప్రశ్న ఇది. సమాధానం తెలియక రెండు అంకెలనూ సమానం చేయాలని తొందరపడితే నడుము, మోకాళ్లు దెబ్బతినే ప్రమాదం ఉంది.

భుజాలపై బార్ ఉంచుకుని కూర్చుని లేవడాన్ని స్క్వాట్ అంటారు. పాత తాలింఖానాల్లో తీసే బస్కీలకు ఇది బరువు తోడైన రూపం. నేల మీది బార్‌ను వంగి పట్టుకుని మోకాళ్లు, నడుము నిటారయ్యేదాకా ఎత్తడం డెడ్‌లిఫ్ట్. ఈ రెండింటితోపాటు బల్లపై వెల్లకిలా పడుకుని బరువు నెట్టే బెంచ్‌ప్రెస్ కలిస్తే పవర్‌లిఫ్టింగ్ అవుతుంది. ఒక్కో అంశంలో మూడేసి అవకాశాలు ఇస్తారు. మూడింటిలోని అత్యుత్తమ బరువులను కూడి విజేతను నిర్ణయిస్తారు.

బస్తా చెప్పే పాఠం

రెండు ఎత్తులూ కాళ్ల బలంతోనే సాగుతాయి కదా, తేడా ఎందుకన్న అనుమానం సహజం. మార్కెట్ యార్డులో హమాలీల పనిని గమనిస్తే విషయం తేలిగ్గా బోధపడుతుంది. నేల మీది బస్తాను వంగి లేపడం ఒక పని. ఇద్దరు చెయ్యి వేసి వీపుకెక్కించిన బస్తాతో కూర్చుని లేవడం మరో పని. మొదటిదానిలో వేళ్ల పట్టు, నడుము, పిరుదులు, తొడ వెనుక కండరాలపై భారం ఎక్కువ. రెండోదానిలో మోకాళ్లు బాగా వంగుతాయి కాబట్టి తొడ ముందు కండరాలు అధికంగా శ్రమిస్తాయి. బరువు ఒకటే అయినా దాన్ని మోసే భాగాలు మారిపోతాయి.

మోకాలు వంగే కోణమూ కీలకమే. పోటీల్లో వాడే పెద్ద ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు. అంటే డెడ్‌లిఫ్ట్ మొదలయ్యేటప్పుడు బార్ నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. దాన్ని అందుకోవడానికి గొంతుక్కూర్చోనక్కర్లేదు. మోకాళ్లు కొద్దిగా వంచి తుంటిని వెనక్కి నెడితే చాలు. స్క్వాట్‌లో అలా కుదరదు. తుంటి కీలు వద్ద తొడ పైభాగం మోకాలి పైభాగం కన్నా కిందికి దిగితేనే అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఆ ఎత్తు చెల్లుతుంది. అంత లోతు నుంచి పైకి లేవడం కష్టం. సాధన మొదలుపెట్టిన చాలామందికి డెడ్‌లిఫ్ట్ అంకె ముందుండటానికి ఇదో ప్రధాన కారణం.

వెదురు వంచినట్లు..

స్క్వాట్‌కు అనుకూలించే అంశమూ ఒకటుంది. ఇందులో బరువు ముందు కిందికి దిగి, ఆ తర్వాత పైకి లేస్తుంది. దిగేటప్పుడు సాగిన కండరాలు, స్నాయువులు వంచిన వెదురులా కొంత శక్తిని దాచుకుని లేచేటప్పుడు తిరిగి ఇస్తాయి. డెడ్‌లిఫ్ట్‌లో ఆ వెసులుబాటు ఉండదు. కదలిక లేని బరువును నేల నుంచి పెళ్లగించాల్సిందే. పేరులోని 'డెడ్' అన్న మాట సూచించేదీ ఆ నిశ్చల స్థితినే.

పట్టు మరో పరిమితి. కాళ్లకు, నడుముకు సత్తా ఉన్నా వేళ్లు జారితే డెడ్‌లిఫ్ట్ ఆగిపోతుంది. పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో చేతికీ బార్‌కూ కలిపి చుట్టే పట్టీలను అనుమతించరు. అందుకే పలువురు క్రీడాకారులు ఒక అరచేయి తమవైపు, మరోటి బయటివైపు ఉండేలా పట్టుకుంటారు. కొందరు బొటనవేలిని మిగతా వేళ్ల కింద బిగిస్తారు. స్క్వాట్‌లో బరువు వీపుపై నిలుస్తుంది కనుక ఈ చిక్కు లేదు.

పోటీ క్రమం కూడా ఫలితంపై ప్రభావం చూపుతుంది. స్క్వాట్‌తో మొదలై, బెంచ్‌ప్రెస్ తర్వాత చివరగా డెడ్‌లిఫ్ట్ వస్తుంది. అప్పటికే ఆరు ప్రయత్నాలు చేసిన అలసటతో క్రీడాకారుడు బార్ ముందు నిలబడతాడు.

ఇద్దరు వీరులు.. రెండు దారులు

శరీర నిర్మాణం ఎంత మార్పు తెస్తుందో ఇద్దరు అమెరికా క్రీడాకారుల రికార్డులు చాటుతాయి. లామర్ గాంట్ 60 కిలోల విభాగపు లిఫ్టర్. 1985లో 300 కిలోల డెడ్‌లిఫ్ట్‌తో తన బరువుకు అయిదు రెట్లు ఎత్తిన తొలి వ్యక్తిగా చరిత్రకెక్కాడు. అతని చేతులు పొడవు. వెన్నెముక పక్కకు వంగి ఉండటంతో మొండెం పొట్టిది. నిటారుగా నిలబడేసరికి బార్ మోకాళ్లకు కాస్త పైన ఆగేది. అంటే బరువు ప్రయాణించే దూరం ఇతరులకన్నా తక్కువ.

జీసస్ ఒలివారెస్‌ది ఇందుకు భిన్నమైన కథ. 120 కిలోలు దాటినవారి విభాగంలో పోటీపడే ఈ భారీకాయుడు 2023లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ పోటీలో స్క్వాట్‌లో 470, బెంచ్‌ప్రెస్‌లో 272.5, డెడ్‌లిఫ్ట్‌లో 410 కిలోలు ఎత్తాడు. మొత్తం 1,152.5 కిలోలు. డెడ్‌లిఫ్ట్ కన్నా స్క్వాట్ 60 కిలోలు ఎక్కువ. లావైన నడుము, పొట్ట, తొడలు బరువు కింద దిగేటప్పుడు దన్నుగా నిలుస్తాయి. వంగి బార్ అందుకునేటప్పుడు అదే దేహం అడ్డువస్తుంది. ఈ ఇద్దరిలో ఎవరినీ బలహీనుడనలేం. ఎవరి దేహం వారికి ఒక దారి చూపింది, అంతే.

సాధారణ వ్యక్తులకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పొడవైన చేతులున్నవారు తక్కువ వంగి బార్‌ను అందుకోగలరు. తొడ ఎముక పొడవుగా ఉన్నవారు స్క్వాట్‌లో ఎక్కువగా ముందుకు వాలాల్సి వస్తుంది. తుంటికి, బార్‌కు మధ్య అడ్డదూరం పెరిగేకొద్దీ నడుముపై భారం పెరుగుతుంది. ఇది గడ్డపారతో బండరాయిని లేపే మీట సూత్రమే. ఎముకల పొడవును సాధనతో మార్చలేం.

రెండూ కలిసిన చోట పతకం

రెండు బలాలూ ఒకే ఎత్తులో అవసరమయ్యే క్రీడ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్. అందులోని క్లీన్ అండ్ జర్క్‌లో బరువును ముందు నేల నుంచి లాగాలి. భుజాల ముందుభాగంపై నిలుపుకుని గొంతుక్కూర్చున్న స్థితి నుంచి లేవాలి. ఆ తర్వాతే తలపైకి ఎత్తాలి. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం సాధించారు. లాగే బలం, లేచే బలం రెండింటినీ ఏళ్ల తరబడి పెంచుకుంటేనే అలాంటి ఎత్తు సాధ్యపడుతుంది.

తేడాను చదవడమెలా?

తేడా ఉండటం తప్పు కాదు. అయితే అది మరీ ఎక్కువగా ఉంటే కారణం వెతకడం మంచిది. డెడ్‌లిఫ్ట్ కన్నా స్క్వాట్ బాగా ముందున్నవారు మొదట తమ లోతును పరీక్షించుకోవాలి. సగం కూర్చుని లేచేస్తే ఎంత బరువైనా తేలిగ్గానే కనిపిస్తుంది. డెడ్‌లిఫ్ట్‌లో ఆ అవకాశం లేదు. బార్ నేల విడిచిందా, లేదా అన్నది చూసేవారందరికీ తెలుస్తుంది. లోతు సరిగ్గానే ఉంటే వేళ్ల పట్టు, ప్రారంభ భంగిమపై దృష్టి పెట్టాలి.

డెడ్‌లిఫ్ట్ బాగా ముందుండి స్క్వాట్ వెనకబడితే తొడ ముందు కండరాల బలాన్ని, చీలమండ వంగే తీరును చూసుకోవాలి. కొన్నాళ్లు తక్కువ బరువుతో పూర్తి లోతుకు దిగడం అలవాటు చేసుకోవాలి. ఎవరైనా పక్కనుంచి సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తే లోతు, వీపు తీరు రెండూ స్పష్టంగా కనిపిస్తాయి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

* డెడ్‌లిఫ్ట్‌లో వీపు గూనిలా వంగడం మొదలైతే ఆ రోజుకు బరువు తగ్గించాలి.
* స్క్వాట్ చేసేటప్పుడు ఇరువైపులా ఇనుప ఆధారాలు ఉండేలా చూసుకోవాలి. బరువు లేవకపోతే అవే ఆదుకుంటాయి.
* బరువును ఒక్కసారిగా కాకుండా రెండున్నర, అయిదు కిలోల చొప్పున పెంచాలి.
* భారీ బరువులెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టడంతో రక్తపోటు పెరుగుతుంది. రక్తపోటు, గుండె సమస్యలున్నవారు వైద్యుల సలహా లేకుండా ప్రయత్నించరాదు.
* నడుము నుంచి కాలిలోకి పాకే నొప్పి, తిమ్మిరి కనిపిస్తే సాధన ఆపి వైద్యులను సంప్రదించాలి.

పక్కవాడి అంకెతోనో, ఒక ఎత్తును మరో ఎత్తుతోనో పోల్చుకుంటే మిగిలేది అసంతృప్తే. గత నెల ఎంత ఎత్తాం, ఈ నెల ఎంత ఎత్తాం, భంగిమ చెడకుండా ఎత్తామా లేదా అన్నదే సాధకుడు వేసుకోవాల్సిన అసలు లెక్క.