పరిశోధన పత్రములందలి లంకెల సామూహిక పరిష్కరణము

ఇటీవలి రెండు దశాబ్దులలో సమర్పింపబడిన సిద్ధాంతవ్యాసములందు అధోజ్ఞాపికల స్వరూపము కొంత మారినది. గ్రంథనామము, ముద్రణ సంవత్సరము, పుటసంఖ్యలతోపాటు ఆ గ్రంథపు స్కాను ప్రతి లభించు అంతర్జాల చిరునామా కూడ లంకెగా చేర్చబడుచున్నది. శిథిలమైన ప్రతికొరకు ఊరూర తిరుగనక్కరలేక పాఠకుడు మూలమును తానే చూచుకొనగల సౌకర్యమిది. కాని చిరునామా మారిననాడు ఆ అధోజ్ఞాపిక సాక్ష్యము లేని మాటగా మిగులును.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఇందుకు సమీపోదాహరణము. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ మొదలైన సంస్థలు పాలుపంచుకొన్న ఆ పథకము క్రింద తెలుగు, సంస్కృత గ్రంథములు వేలకొలది స్కాను చేయబడినవి. 2017లో ఆ సైటు మూతపడినది. పెక్కు గ్రంథముల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రపరుపబడుట అదృష్టము. అనగా గ్రంథము నశింపలేదు, దానికి దారి మాత్రము తెగినది. ఒక్కొక్క వ్యాసములో రెండు మూడు వందల లంకెలున్నప్పుడు వానిని చేతితో దిద్దుట దుస్సాధ్యము. అందుకే చిన్న స్క్రిప్టుల అవసరము.

లంకెకు రెండంగములు కలవు. ఒకటి కాగితముపై కనబడు పదము, రెండవది దాని వెనుక దాగియున్న చిరునామా. స్క్రిప్టు మార్చునది సాధారణముగ రెండవదానినే. వ్యాకరణ పరిభాషలో చెప్పవలెనన్న పాత చిరునామా స్థాని, క్రొత్తది ఆదేశము. ఏ ఆదేశవిధికైనను విషయము నిర్దుష్టముగ నుండవలెను. లేనిచో అవ్యాప్తి, అతివ్యాప్తి దోషములు రెండును ఇచ్చటను తప్పవు.

వర్డ్ 97 నుండి మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో విజువల్ బేసిక్ భాషలో మాక్రో వ్రాయు వసతి కలదు. పత్రములోని ప్రతి హైపర్‌లింకును వరుసగా తీసికొని, దాని 'అడ్రస్' అను గుణములో పాతభాగము కనబడినచో క్రొత్తభాగమును నిలుపుమని ఐదారు పంక్తులలో ఆజ్ఞాపింపవచ్చును. చూచుటకు ఇంత సులభమైన ఈ ఆజ్ఞలోనే అవ్యాప్తి దాగియున్నది. 'యాక్టివ్ డాక్యుమెంట్' యొక్క హైపర్‌లింకుల సముదాయమనగా వర్డ్ దృష్టిలో ప్రధానపాఠములోని లంకెలే. అధోజ్ఞాపికలు, అంత్యజ్ఞాపికలు, పుటశీర్షికలు వేరువేరు 'స్టోరీ రేంజ్‌'లుగా నుండును. పరిశోధన వ్యాసములో లంకెలలో అధికభాగము అధోజ్ఞాపికలలోనే యుండును గదా! మాక్రో ఏ దోషమును చూపక ముగియును, పరిశోధకుడు పని పూర్తియైనదని తలచును, అధోజ్ఞాపికలు మాత్రము యథాతథముగ నుండును. కావున స్టోరీ రేంజ్‌లన్నింటిని చుట్టివచ్చునట్లు ఆజ్ఞను వ్రాయుట అత్యవసరము.

లిబ్రె ఆఫీస్ రైటర్‌లో ఇట్టి సముదాయమే లేదు. పేరాలలోని చిన్న పాఠఖండములను ఒక్కొక్కటిగ పరిశీలించి, 'హైపర్‌లింక్ యూఆర్ఎల్' అను గుణమును మార్చవలసియుండును.

వర్డ్‌ను తెరువకయే పైథాన్ వంటి భాషతో పదుల కొలది ఫైళ్లను ఒకేమారు దిద్దుట మరియొక పద్ధతి. 2007 నుండి వాడుకలోనున్న డాక్స్ ఫైలు నిజమునకు ఒక జిప్ పేటిక. ప్రధానపాఠపు లంకెల చిరునామాలు ఒక ఎక్స్ఎంఎల్ ఫైలులోను, అధోజ్ఞాపికలవి వేరొక ఫైలులోను ఉండును. కొన్ని లంకెలు ఈ రెంటిలోను గాక పాఠము నడుమనే ఫీల్డు సంకేతముగ నిలిచియుండుటయు కలదు. పైగా ఎక్స్ఎంఎల్‌లో యాంపర్‌సాండ్ గుర్తు ఉన్నదున్నట్లుగ గాక ఐదక్షరముల సంకేతముగ వ్రాయబడును. శీర్షిక, గ్రంథకర్త, బార్‌కోడు మొదలైనవానిని ఆ గుర్తుతోనే కూర్చిన డిజిటల్ లైబ్రరీ పాత చిరునామాలను వెదకునప్పుడు ఈ సంగతి తెలియనివారికి ఒక్క లంకెయు దొరకదు.

ఇక అతివ్యాప్తి. డిజిటల్ లైబ్రరీ చిరునామాలలో ఒక తెగ 'హ్యాండిల్/2015/' అని యుండి తరువాత ఒక సంఖ్య గలది. ఆర్కైవ్‌లో అదే గ్రంథము 'ఇన్.ఎర్నెట్.డీఎల్ఐ.2015.' అను ఉపసర్గతో, అదే సంఖ్యతో నిలిచినది. ఇచ్చట పూర్వభాగమును మార్చిన చాలును, సంఖ్యను తాకనక్కరలేదు. బార్‌కోడు గల తెగకు ఇట్టి సూత్రము కుదరదు. ఆర్కైవ్‌లోని గ్రంథవివరములలో బార్‌కోడు కూడ నమోదై యున్నందున దానినిబట్టి ఏ గ్రంథమునకు ఏ క్రొత్త చిరునామాయో పట్టిక వ్రాసికొనవలెను. ఆ పట్టికను స్క్రిప్టునకు ఇచ్చునప్పుడు పూర్ణసంఖ్యతోనే పోల్చవలెను. 3708 అను సంఖ్యకు వ్రాసిన ఆదేశము 37085లోని మొదటి నాలుగంకెలపైనను ప్రవర్తించినచో ఒక ప్రబంధమునకు చూపిన లంకె వేరొక నిఘంటువునకు దారితీయవచ్చును.

తెగిన లంకె తన దోషమును తానే చెప్పుకొనును, తప్పు గ్రంథమునకు పోవు లంకె చెప్పదు. ఒకే కావ్యపు రెండు ముద్రణల స్కానులు ఆర్కైవ్‌లో నున్నప్పుడు చిక్కు ఇంకను సూక్ష్మము. స్క్రిప్టు ఎన్నుకొన్నది వేరొక ముద్రణమైనచో అధోజ్ఞాపికలోని పుటసంఖ్య అసత్యమగును, పాఠభేద చర్చయైనచో వాదమే తలక్రిందులగును. కనుక పట్టికలోని ప్రతి పంక్తిని ముఖపత్రముతో సరిచూచినగాని యంత్రమునకు అప్పగింపరాదు. ఈ పని చేతితోనే జరుగవలెను.

కనబడు పదము కూడ చిరునామాయే అయినచో దానిని వేరుగ మార్చవలెను, లేకున్న అచ్చులో పాతదే మిగులును. 'చూచిన తేదీ' అని వ్రాసినదానిని మాత్రము ముట్టరాదు. ఆనాడు పరిశోధకుడు చూచినది పాతచోటనే. క్రొత్త చిరునామాను దిద్దిన తేదీతో ప్రక్కన చేర్చుటయే న్యాయము. స్క్రిప్టు ఎల్లప్పుడును నకలుపైననే నడుపవలెను. తాను మార్చిన ప్రతి లంకెకును పాత, క్రొత్త రూపములను వేరొక ఫైలులో వ్రాయునట్లును దానిని కూర్చవలెను.

బైండు చేయబడి గ్రంథాలయమునకు చేరిన ప్రతులలో ఏ మాక్రోయు ప్రవేశింపజాలదు. వానికి ఈ మార్పుల జాబితానే అచ్చువేసి, తప్పొప్పుల పట్టికవలె చివరి అట్టలోపల అతికింపవచ్చును.