విద్యుచ్ఛక్తితో పచ్చిక కోయు యంత్రములు



చీడికాడ ప్రాంతమున గడ్డి కోయుటకు యంత్రమేల, కొడవలి చాలదా యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. పశువుల మేతకు కొడవలిని మించిన పనిముట్టు లేదని నేనును ఒప్పుకొందును. కాని పాఠశాల ఆటస్థలము మాట వేరు. వానలు పడిన నెల నాళ్లకే అచ్చట గడ్డి మోకాలెత్తు పెరుగును. పాము దాగియున్నను పిల్లలకు కనబడదు. అట్టి విశాలస్థలమునకు విద్యుద్యంత్రము కొనదలచిన గ్రామస్థులు ముందుగా ఆలోచింపవలసిన సంగతులు చెప్పెదను.

ఈ యంత్రపు పుట్టుక చిత్రమైనది. ఇంగ్లాండులో స్ట్రౌడు పట్టణ ప్రాంతమున ఉన్నిబట్టల మిల్లులుండెడివి. బట్టపై లేచిన నూగును సమముగా కత్తిరించు యంత్రమును చూచి, ఎడ్విన్ బడ్డింగ్ అను పనివాడు అదే ఉపాయమును పచ్చికకు వర్తింపజేసి 1830లో పేటెంటు పొందెను. తరువాత గుఱ్ఱములచే లాగించిరి. డెక్కలు పచ్చికను చెరుపకుండ వానికి తోలుజోళ్లు తొడిగిరి! పిమ్మట ఆవిరి, పెట్రోలు, విద్యుత్తు వచ్చినవి.

బడ్డింగు పద్ధతి యంత్రము కత్తెరవలె కోయును. చదునైన నేలపై పొట్టి గరికకే అది తగును. రెండవ తరగతి యంత్రములో ఒక కత్తిరేకు నేలకు సమాంతరముగా మహావేగమున తిరిగి గడ్డిని నరకును. మన ఆటస్థలములకు ఇదియే మేలు. అయితే రాయి తగిలినచో తుపాకిగుండువలె ఎగురును గనుక ముందు రాళ్లేరి, పిల్లలను దూరముగా నుంచవలెను.

ఇక లెక్క చూతము. ఎకరమనగా 43,560 చదరపుటడుగులు. కోత వెడల్పు అడుగున్నర యైనచో, యంత్రమును త్రోయువాడు 29,040 అడుగులు, అనగా అయిదున్నర మైళ్లు నడువవలెను. సుమారు మూడు గంటల పని. యంత్రము 800 వాట్లు తీసికొన్నచో మొత్తము రెండున్నర యూనిట్లయినను కాదు. కరెంటు ఖర్చు స్వల్పమే. చిక్కంతయు దానిని యంత్రమునకు అందించుటలో నున్నది.

40 వోల్టుల, 5 ఆంపియరు-గంటల బ్యాటరీలో నిలువయుండునది 200 వాటు-గంటలు, అనగా యూనిట్టులో అయిదవవంతు. పై యంత్రము పావుగంటలో దానిని త్రాగివేయును. ఎకరమునకు అట్టివి పండ్రెండు కావలెను! కనుక అంగడివాడు వోల్టులు మాత్రమే చెప్పినచో తృప్తిపడక, ఆంపియరు-గంటలతో హెచ్చించి చూడుడు. బ్యాటరీకి ఆయువు పరిమితము. కొన్నియేండ్లకు మార్చవలసిన ఆ ధరయే అసలైన ఖర్చు.

తీగతో నడుపుదమన్న, చతురస్రమైన ఎకరము మూలనుండి మూలకు 295 అడుగులు. అంత పొడవున సన్ననితీగ వేసినచో వోల్టేజి తగ్గి మోటారు వేడెక్కును. అంతకంటె భయంకరము కత్తి తీగపైకి పోవుట. తడిగడ్డిపై నిలిచినవానికి 230 వోల్టులు ప్రాణాంతకము. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే కరెంటును తెంచు రక్షణ స్విచ్చి లేనిదే తీగయంత్రమును ముట్టరాదు. వాననాడు స్విచ్చి యున్నను ముట్టరాదు. అరయెకరమునకు బ్యాటరీ యంత్రము కొని, రెండు మూడు బ్యాటరీలతో కొన్ని ఉదయములు పంచి కోయుట మేలని నా తలంపు. రెండుమూడెకరములున్నచోట కూర్చుండి నడుపు యంత్రము కావలెను. దానిని నాలుగు పంచాయతీలు కలిసి కొన్నగాని గిట్టదు.

కోనాం జలాశయపు కట్టవంటి ఏటవాలు స్థలములపై చక్రముల యంత్రము పనికిరాదు. అట్టిచోట గడ్డివేళ్లు మట్టిని పట్టియుంచును గనుక చెక్కివేయక, కొడవలితోనో భుజమునకు తగిలించుకొను యంత్రముతోనో కోయవలెను.

మేత సంగతి మరువరాదు. యంత్రము నరకిన తడిగడ్డి కుప్పలో కొన్ని గంటలకే వేడెక్కి పులియును; పశువులకు పెట్టరాదు. మోకాలెత్తు గడ్డి యంత్రమునకును భారమే. కావున మొదటి కోతను పశువులున్న బీదలకు, మోపులమ్మి బ్రతుకు స్త్రీలకు విడిచి, పిదప యంత్రమును దింపుడు. యంత్రము వచ్చినదని వారిని గేటువద్ద ఆపుట నాకు సమ్మతము కాదు. అటుపిమ్మట ఆకుపొడవులో మూడవవంతుకు మించక తరచుగా కోసినచో గరిక దట్టమగును. రాలిన పొట్టు అచ్చటనే ఎరువగును.

కత్తి మొద్దుబారినచో గడ్డికొనలు చీలి తెల్లబారును. సానపట్టుటకై దానిని విప్పుటకు ముందు బ్యాటరీని ఊడదీసి వేరుగా నుంచవలెను. మీట ఆపినంతమాత్రమున చాలదు.