హెడ్ దించాలా, వాయిదా ఎత్తుకోవాలా?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోతుంటే శిరివెళ్ల దాటాక టెంపరేచర్ ముల్లు ఎర్రగీత ఎక్కింది. 2012 మోడల్ పెట్రోల్ కారు. మెకానిక్ ఆయిల్ మూత విప్పి, అడుగున వేలితో తుడిచి చూపించాడు. పాలెక్కువైన కాఫీలా నురగ! నీళ్లు ఆయిల్లో కలిశాయన్నమాట.

"గ్యాస్కెట్ పోయింది. హెడ్ దించాల సార్. నలభై ఐదు వేలు పెట్టుకోండి" అన్నాడు.

సాయంత్రానికి చుట్టాలంతా ఇంజినీర్లయ్యారు. "లక్షకు పోని బండికి నలభై ఐదు వేలా!" అని బావ నోరెళ్లబెట్టాడు. తన కారు అప్పు ఇంకా మూడేళ్లుందన్న సంగతి మాత్రం ఎత్తలేదు.

బావ లెక్క అమ్ముకునేవాడికి పనికొస్తుంది, నడుపుకునేవాడికి కాదు. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కొత్తవి చవకైతే పాతవాటి రేటూ పడుతుంది. అంతమాత్రాన నా బండి మైలేజీ పడలేదు కదా! రిపేరు ఖర్చును పోల్చాల్సింది కొత్త కారుకు కట్టబోయే వాయిదాతో. 5 లక్షలు, 9 శాతం, ఐదేళ్లు అయితే నెలకు 10,379 రూపాయలు. వడ్డీకే లక్షా ఇరవై వేలు దాటుతాయి. 45,000 అంటే నాలుగు వాయిదాలు, పైన చిల్లర. ఐదేళ్ల తర్వాత ఆ కారుకూ ఎంతో కొంత ధర మిగులుతుంది, నిజమే. ఆ మేరకు తగ్గించి చూసినా, బాగుచేయించిన బండి ఒక ఏడాది నడిస్తే మనం గట్టెక్కినట్టే.

సెకండ్ హ్యాండ్ కారుకు అప్పిచ్చేవాళ్ల దగ్గర ఇంకో తీపి మాట వినిపిస్తుంది. "ఎనిమిది శాతమే సార్, ఫ్లాట్." ఫ్లాట్ అంటే తీర్చేసిన అసలుకు కూడా చివరిదాకా వడ్డీ కడుతూనే ఉండాలి. 5 లక్షలకు ఐదేళ్లలో 2 లక్షల వడ్డీ, నెలకు 11,667. బ్యాంకు లెక్కలో చూస్తే అది 14 శాతం. పైగా సోనా వడ్లో, శనగలో అమ్మితే గానీ చేతిలో డబ్బాడని ఇళ్లు మావైపు చాలా ఉన్నాయి. కేసీ కాలువకు నీళ్లెప్పుడొస్తాయో అప్పిచ్చినవాడికి పట్టదు. ఐదో తేదీ ఎప్పుడొస్తుందో మాత్రం బాగా తెలుసు.

అలాగని ప్రతి పాత బండినీ బతికించక్కర్లేదు. ఆళ్లగడ్డ శిల్పులు ఉలి పెట్టేముందు రాతిని తట్టి మోత వింటారు. కారు కింద కూడా స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడాలి. ఖంగుమంటే సరే. తుప్పు పెళ్లలుగా రాలితే ఇంజన్ ఎంత బాగున్నా దండగే. క్లచ్ ప్లేటు, గ్యాస్కెట్ ఒకసారి మారిస్తే కొన్నేళ్లు మన జోలికి రావు. తుప్పు, వైరింగ్ మాత్రం చుట్టాల్లా మళ్లీ మళ్లీ వస్తాయి. పదిహేనేళ్లు నిండితే ఆర్సీ రెన్యువల్ ఒకటి. 600 ఉన్న ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. నా బండికి ఆ ముచ్చట 2027లో.

ఇంకో జాగ్రత్త: మొత్తం డబ్బుకు ఒకేసారి ఒప్పుకోకూడదు. ముందు హెడ్ దించడానికే మాట్లాడుకోవాలి. బ్లాకు పగిలి ఉంటే అక్కడితో ఆపేయొచ్చు.

దించాక మెకానిక్ హెడ్ మీద స్టీలు స్కేలు నిలబెట్టి, కన్ను దగ్గరగా పెట్టి చూశాడు. నన్నూ చూడమన్నాడు. స్కేలు కింద వెంట్రుక మందాన వెలుగు కనిపించింది. వంపు ఉంది, పగులు లేదు. లేత్ షాపులో ఫేసింగ్ చేస్తే సరిపోతుందట.

బావకు చెబుదామని ఫోన్ చేశాను. ఆ రోజు ఐదో తేదీ. బ్యాంకు మెసేజ్ చూసుకుంటున్నాడు, తర్వాత మాట్లాడతానన్నాడు.